స్క్రైబ్‌ని ఇచ్చినా ఎందుకు ఫెయిలైంది? ఒక ఎంఏ ఎకనామిక్స్ విద్యార్థిని కేసు

2022లో మా విశ్వవిద్యాలయంలో ఎంఏ ఎకనామిక్స్‌లో చేరిన, చూపులేని ఒక అమ్మాయి కేసు ఇది. నేను అక్కడ పాఠాలు చెబుతాను. వైకల్యం ఉన్న విద్యార్థులకు సదుపాయాలు చూసే విభాగం బాధ్యత కూడా నాదే. అమ్మాయి చదివి సరేనన్నాకే దీన్ని బయటపెడుతున్నాను. పేరు, ఊరు, విశ్వవిద్యాలయం చెప్పను. మిగతా వివరాలు వీలైనంత పూర్తిగా చెబుతాను. ఇలాంటి కేసుల్లో అసలు పనంతా ఆ వివరాల్లోనే ఉంటుంది.

మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక డిపార్ట్‌మెంట్ నుంచి నాకు ఒక నోట్ వచ్చింది. "సదరు విద్యార్థినికి నిబంధనల మేరకు స్క్రైబ్ సౌకర్యం కల్పించడమైనది. అయినను రెండు పేపర్లలో ఉత్తీర్ణత సాధించలేదు. హిస్టరీ లేదా పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్‌కు మారవలసిందిగా సలహా ఇవ్వవచ్చును" అని అందులో ఉంది. స్క్రైబ్ అంటే విద్యార్థి చెబుతుంటే పరీక్షలో జవాబులు రాసిపెట్టే మనిషి. ఫెయిలైన పేపర్లు మైక్రో ఎకనామిక్స్, స్టాటిస్టిక్స్.

నోట్ రాసినవాళ్లకి ఆ అమ్మాయి మీద కోపమేమీ లేదు. మంచి సలహా ఇస్తున్నామనే అనుకున్నారు. రూల్ ప్రకారం ఇవ్వాల్సింది ఇచ్చాం, అయినా పాస్ కాలేదు, కాబట్టి ఈ సబ్జెక్ట్ ఆమెకి కుదరదు అన్నది వాళ్ల లెక్క. ఆ లెక్క తప్పని చూపించడానికే ఈ కేసు రాస్తున్నాను. చదివింది కాగితం మీద పెట్టడానికి స్క్రైబ్ కావాలి. సెమిస్టర్ పొడుగునా చదవడానికే ఏమీ అందకపోతే స్క్రైబ్ చేత ఏం రాయించాలి?

విద్యార్థిని నేపథ్యం

ఆమెది రెటినైటిస్ పిగ్మెంటోసా, చూపు క్రమంగా తగ్గిపోయే కంటి జబ్బు. హైస్కూల్లో ఉండగా చీకటి పడితే కనబడేది కాదు. ఇంటర్‌కి వచ్చేసరికి పక్కచూపు పోయింది. డిగ్రీ రెండో సంవత్సరంలో అక్షరాలు పూర్తిగా అందకుండా పోయాయి. సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం నూరు శాతం అని ఉంది. తెలుగు మీడియం, జిల్లా పరిషత్ స్కూలు, ప్రభుత్వ డిగ్రీ కాలేజీ.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పుట్టుకతో చూపు లేని పిల్లలు చాలామంది ప్రత్యేక పాఠశాలల్లో బ్రెయిలీ నేర్చుకుని వస్తారు. ఈ అమ్మాయి నల్లబల్ల చూసి చదువుకుంది, బ్రెయిలీ రాదు. ఉన్నదల్లా ఒక ఫోను, అందులో తెర మీద ఉన్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్, చదివి వినిపించే ఇద్దరు హాస్టల్ స్నేహితురాళ్లు. మరోపక్క, గ్రాఫు ఎలా ఉంటుందో, అక్షాలంటే ఏమిటో ఆమె ఒకప్పుడు కళ్లతో చూసింది. తర్వాత మేం చేసిన పని చాలావరకు దీనిమీదే నిలబడింది. సర్టిఫికెట్ మీద అదే శాతం ఉన్న ఇంకో విద్యార్థికి ఇదే పద్ధతి పనికిరాకపోవచ్చు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు కేటాయించమంది. అది సెక్షన్ 32. అందరూ గుర్తుపెట్టుకునేది దాన్నే. అదే చట్టంలోని సెక్షన్ 16, ప్రభుత్వ నిధులతోనో గుర్తింపుతోనో నడిచే విద్యాసంస్థలు ఒక్కో విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సర్దుబాటు చేసేలా ప్రభుత్వాలు చూడాలంటుంది. సెక్షన్ 17 ఇంకాస్త ముందుకెళ్లి పాఠ్యక్రమంలో, పరీక్షా విధానంలో మార్పులు చేయాలని, అదనపు సమయం, స్క్రైబ్ ఇవ్వాలని చెబుతుంది. సీటు దగ్గర ఆగిపోతే చట్టంలో ఒక్క పేజీ చదివి మూసేసినట్టే.

అవసరం ఏమిటో తెలుసుకోవడం

అప్పటికి మా విభాగంలో వాడే ఫారంలో మూడు గడులు ఉండేవి: స్క్రైబ్ కావాలా, అదనపు సమయం కావాలా, ఫీజు మినహాయింపు కావాలా. ఈ ఫారం నింపించుకుని పంపేస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే "నువ్వు రోజూ ఎలా చదువుకుంటావో నా ముందు కూర్చుని చదువమ్మా" అన్నాను.

ఆమె వాట్సాప్ గ్రూప్ తెరిచింది. మైక్రో ఎకనామిక్స్ నోట్స్ అక్కడ రెండు రకాలుగా ఉన్నాయి. ఒకటి, చేతిరాత కాగితాలకి తీసిన ఫోటోలు. వాటిమీద వేలు పెడితే ఫోను "ఇమేజ్" అని ఊరుకుంది. రెండోది, డిపార్ట్‌మెంట్ స్టడీ మెటీరియల్ పీడీఎఫ్. కంటికి చక్కటి తెలుగు, పెద్ద అక్షరాలు, బోర్డర్లు కూడా ఉన్నాయి. ఆమె దాన్ని తెరిచి వినిపించింది. ఫోను ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, బ్రాకెట్లు, కామాలు వరసగా చదువుకుంటూ పోయింది. ఒక్క తెలుగు మాట లేదు. "మొత్తం ఇంతే మేడమ్. ఫైలు పాడైందేమో అనుకున్నాను. సార్‌ని మళ్లీ పంపమని అడిగితే మళ్లీ ఇదే వచ్చింది" అంది.

ఫైలు పాడవలేదు. దాన్ని అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కంపోజ్ చేశారు. ప్రతి భాషలోని అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్ రాకముందు నాటి ఈ ఫాంట్లలో తెలుగు అక్షరాల బొమ్మలు ఇంగ్లిష్ అక్షరాలకి, గుర్తులకి కేటాయించిన స్థానాల్లో కూర్చుని ఉంటాయి. మన కంటికి 'డిమాండ్ సూత్రం' కనబడుతుంది. కంప్యూటర్‌కి మాత్రం అక్కడ ఉన్నది ఇంగ్లిష్ అక్షరాల గుంపు. టాక్‌బ్యాక్ లాంటి స్క్రీన్ రీడర్ చదివేది బొమ్మని కాదు, వెనకున్న కోడ్‌ని. తెలుగునాట డీటీపీ చాలావరకు ఇలాగే సాగింది. గైడ్లు, స్టడీ మెటీరియల్, సర్క్యులర్లు, పెళ్లి పత్రికలు అన్నీ ఇందులోనే. చూసేవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు కాబట్టి ఇదొక సమస్య అని ఎవరికీ తెలియదు.

మిగతా సబ్జెక్టుల్లో ఎలా పాసైందో అడిగాను. అవి స్నేహితురాళ్లు చదివి వినిపించగలిగినవి. ఇండియన్ ఎకానమీలో ఒక పేజీ చదివి వినిపిస్తే బుర్రకెక్కుతుంది. మైక్రోలో ప్రతి పేజీకీ ఒక పటం ఉంటుంది, స్టాటిస్టిక్స్‌లో ప్రతి పేజీకీ ఒక పట్టిక. వాటి దగ్గరికి రాగానే "ఇక్కడ బొమ్మ ఉంది, నెక్స్ట్" అని చదివేవాళ్లు ముందుకెళ్లిపోయేవాళ్లు. ఆ పిల్లలని తప్పుపట్టలేం, వాళ్లకీ పరీక్షలే. రెండు పేపర్లూ పోయింది ఆ పటాల దగ్గర, ఆ పట్టికల దగ్గరే. సబ్జెక్ట్ కుదరకపోవడం అనేది ఎక్కడా లేదు.

పాఠం చేతికందేలా చేయడం

ముందు మెటీరియల్ పని పట్టాం. పీడీఎఫ్ కాకుండా మూల ఫైలు కావాలి. క్యాంపస్ గేటు ఎదురుగా డీటీపీ సెంటర్ నడిపే ఆయన దగ్గర పేజ్‌మేకర్ ఫైళ్లు పాత హార్డ్‌డిస్క్‌లో భద్రంగా ఉన్నాయి. ఎందుకు అడుగుతున్నామో చెప్పగానే పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేశాడు, డబ్బులు తీసుకోలేదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. అక్షరాలు చాలావరకు సరిగానే మారతాయి గాని వత్తులు పక్క అక్షరానికి అంటుకుంటాయి, సున్నాలు ఎగిరిపోతాయి, పట్టికలు చెల్లాచెదురవుతాయి. కాబట్టి మనిషి చూడక తప్పదు.

ఎన్ఎస్ఎస్ పిల్లలని అడిగాం. ఇక్కడ మేం పెట్టుకున్న పద్ధతి బాగా పనిచేసింది: ఒకరు తెర మీద చూసి దిద్దాలి, ఇంకొకరు అదే పేజీని ఎన్‌వీడీఏతో చెవులతో వినాలి. కన్ను తనకి తెలిసిన మాటని తనే సరిచేసుకుని చదివేస్తుంది, చెవి అలా వదలదు. ఎన్‌వీడీఏ ఉచితంగా దొరికే స్క్రీన్ రీడర్. దానితో వచ్చే ఈస్పీక్ గొంతు తెలుగు చదువుతుంది. ఆ గొంతు మరమనిషిలా ఉంటుందని కొందరు ముఖం చిట్లిస్తారు గాని, అలవాటైన చెవికి వేగం పెంచుకుని వినడానికి అదే హాయి. దిద్దిన పాఠాన్ని వర్డ్‌లో పెట్టి శీర్షికలకి హెడింగ్ స్టైల్ ఇచ్చాం. అలా ఇస్తే మొదటినుంచి వినాల్సిన పనిలేకుండా ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకి దూకుతూ వెళ్లొచ్చు. చూపున్నవాళ్లు పేజీలు తిప్పడం లాంటిదే ఇది. ఇది లేకపోతే వంద పేజీల ఫైలు ఇచ్చినా రివిజన్ చేసుకోలేరు.

ఈ దశలో ఒక సహోద్యోగి కాపీరైట్ గురించి టెన్షన్ పడ్డారు. అడగాల్సిన ప్రశ్నే. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, వైకల్యం ఉన్నవాళ్లు చదువుకోగల రూపంలోకి మార్చి ఇవ్వడం ఉల్లంఘన కాదని సెక్షన్ 52లో చేర్చారు. లాభాపేక్ష లేకుండా, వాళ్ల వాడకానికే పరిమితం చేయాలన్నదే షరతు. చూపులేని పాఠకుల కోసం వచ్చిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాలకన్నా ముందు ఆమోదించింది కూడా మన దేశమే. ఆ సెక్షన్ ప్రింట్ తీసి ఫైల్లో పెట్టాక ఇంక ఎవరూ అడగలేదు. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో కూడా ఆమె పేరు నమోదు చేయించాం. ఇంగ్లిష్ పుస్తకాలకి అది పనికొచ్చింది. మా సిలబస్ తెలుగు పుస్తకాలు మాత్రం అక్కడ దొరకలేదు, వాటికి మా పిల్లలే దిక్కయ్యారు.

అన్నిటికన్నా ముఖ్యం తేదీ. మార్చిన పాఠం క్లాసులో ఆ యూనిట్ మొదలయ్యే రోజుకి ఆమె ఫోన్లో ఉండాలి. పరీక్షకి వారం ముందు అందిన మెటీరియల్‌ని అందినట్టు లెక్కపెట్టకూడదని మా విభాగం పుస్తకంలో రాసుకున్నాం.

పటాలు

ఈ కేసులో నాకు బాగా ఇష్టమైన భాగం ఇది. హెచ్ఓడీ గారికి ఉన్న అసలు అనుమానం కూడా ఇక్కడే. "పటం లేకుండా మైక్రో ఎలా చెబుతారు మేడమ్?" అన్నారు. పటం లేకుండా చెప్పలేం, నిజమే. పటాన్ని వేళ్లకి అందించాలి.

ప్రత్యేక పాఠశాలలో పనిచేసే ఒక టీచర్ గారు జర్మన్ ఫిల్మ్ వాడకం చూపించారు. రబ్బరు షీటు మీద పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ పరిచి బాల్‌పెన్నుతో నొక్కి గీస్తే గీత అక్కడికక్కడే ఉబ్బుతుంది, వేలికి తగులుతుంది. మైక్రో చెప్పే అధ్యాపకుడు చిన్నవాడు, ఉత్సాహం ఉన్నవాడు. వినియోగదారుని సమతౌల్యం పాఠం తీసుకున్నాడు. మొదట పుస్తకంలో ఉన్న పటం ఉన్నట్టే గీశాడు: రెండు అక్షాలు, ఉన్న డబ్బుతో ఎంత కొనగలమో చూపే బడ్జెట్ రేఖ, సమాన తృప్తినిచ్చే వస్తువుల కలయికలని చూపే ఉదాసీనతా వక్రరేఖలు మూడు, చుక్కల గీతలు. వేళ్లకి అదంతా గజిబిజిగా తగిలింది. కన్ను పటాన్ని ఒక్కసారిగా చూస్తుంది, వేలు ఒక్కో చోటే తెలుసుకుంటుంది. అందుకని ఒక్కో షీటులో ఒక్క విషయమే పెట్టాం. మొదటి షీటులో అక్షాలు మాత్రమే. రెండోదానిలో బడ్జెట్ రేఖ కూడా. అది గీత కాకుండా అతికించిన దారం, ముట్టుకోగానే తేడా తెలియడానికి. మూడోదానిలో వాటికి తోడు ఒకే ఒక్క వక్రరేఖ. బ్రెయిలీ రాదు కాబట్టి బిందువులకి అక్షరాలు పెట్టలేం. రెండు రేఖలూ తాకే చోట ఫెవికాల్‌తో ఒక పెసరగింజ అతికించాం.

ఎడమ చూపుడువేలు దారం మీద, కుడి చూపుడువేలు వక్రరేఖ మీద పెట్టి పైనుంచి కిందికి జరిపింది. గింజ దగ్గర రెండు వేళ్లూ ఒకదానికొకటి తగిలాయి. దాటాక మళ్లీ విడిపోయాయి. "తాకుతుంది గాని దాటదు" అంది. స్పర్శరేఖకి అంతకన్నా మంచి నిర్వచనం నేను వినలేదు.

తర్వాత అధ్యాపకుడికి ఒక ఆలోచన వచ్చింది. వక్రరేఖ మీద ఒక పెన్సిల్‌ని ఆనించి పెట్టమన్నాడు. ఎడమవైపు పైన పెడితే పెన్సిల్ నిటారుగా నిలబడింది. కుడికి జరుపుతున్నకొద్దీ వాలుతూ వచ్చి చివర దాదాపు పడుకుంది. ఒక వస్తువు ఇంకొంచెం దొరకడానికి రెండోదాన్ని ఎంత వదులుకుంటామో చెప్పే ఉపాంత ప్రత్యామ్నాయ రేటు తగ్గుతూ పోవడం అంటే ఇదే. ఆమె ఆ పెన్సిల్‌ని ముందుకీ వెనక్కీ చాలాసేపు జరుపుకుంటూ కూర్చుంది. ఆ తర్వాత ఈ పాఠం మీద ఆమెకి ఎవరూ మళ్లీ చెప్పాల్సి రాలేదు.

క్లాసులో మాట తీరు కూడా మారాల్సి వచ్చింది. "ఇది ఇక్కడినుంచి ఇక్కడికి వస్తుంది చూడండి" అని బోర్డు మీద వేలు పెట్టి చెబితే ఆమెకి ఏమీ అందదు. "ఎక్స్ అక్షం మీద ఆపిల్స్, వై అక్షం మీద నారింజలు, బడ్జెట్ రేఖ ఎడమ పైనుంచి కుడి కిందికి దిగుతుంది, ఆపిల్స్ ధర తగ్గితే పై కొన కదలదు, కింది కొన కుడికి జరుగుతుంది" అని చెప్పాలి. దీనికి ఖర్చు లేదు, కొత్త పరికరం అక్కర్లేదు. కాని అలవాటు మార్చుకోవడం కాబట్టి అన్నిటికన్నా నెమ్మదిగా జరిగింది ఇదే.

స్టాటిస్టిక్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ వేసి, పట్టికలన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించాం. గడి నుంచి గడికి జరుగుతుంటే అది ఏ వరసో, ఏ నిలువో, అందులో అంకె ఎంతో చదువుతుంది. సహసంబంధం, ప్రామాణిక విచలనం లెక్కలు ఆమె అంచెలంచెలుగా అక్కడే నేర్చుకుంది. సూత్రాలని మాటల్లో రాసి ఇచ్చాం. ఇది పాస్ అవడానికి సరిపోయిందే గాని, మైక్రోలో వచ్చిన పట్టు ఇందులో రాలేదు. స్టాటిస్టిక్స్‌కి ప్రత్యేకంగా శిక్షణ ఉన్న మనిషి కావాలి, మా దగ్గర లేరు.

పరీక్షల విభాగంతో

మొదటి సెమిస్టర్ పరీక్షల్లో ఏం జరిగిందో ఆమె చెప్పింది విని, డ్యూటీ చేసిన ఇన్విజిలేటర్‌ని కూడా కలిసి రాసుకున్నాను. స్క్రైబ్‌గా ఇంటర్ చదివే అమ్మాయిని పరీక్ష రోజు పొద్దున్నే పంపారు. ఇద్దరూ అంతకుముందు ఒకరినొకరు ఎరగరు. మిగతావాళ్లు రాస్తున్న హాల్లోనే మూలన కూర్చోబెట్టారు. దాంతో జవాబులు గుసగుసగా చెప్పాల్సి వచ్చింది. 'ఉదాసీనతా వక్రరేఖ' అనే మాట ఆ స్క్రైబ్ ఎప్పుడూ వినలేదు, ప్రతిసారీ అక్షరం అక్షరం చెప్పాలి. అదనపు సమయం గంటకి 10 నిమిషాల చొప్పున ఇచ్చారు, అక్కడి పాత సర్క్యులర్‌లో అలాగే ఉందట. పటం వేయమన్న ప్రశ్న వదిలేసింది.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29న జారీ చేసిన మార్గదర్శకాలు అప్పటికి అమల్లో ఉన్నాయి. గంటకి 20 నిమిషాలకి తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలని, అంటే మూడు గంటల పరీక్షకి ఇంకో గంట, అందులో ఉంది. సంస్థే స్క్రైబ్‌ని ఇస్తే అభ్యర్థి రెండు రోజుల ముందు ఆ స్క్రైబ్‌ని కలిసి సరిపోతారో లేదో చూసుకునే వీలు ఇవ్వాలి. బ్రెయిలీలోనో, కంప్యూటర్‌లోనో, పెద్ద అక్షరాల్లోనో, జవాబులు రికార్డు చేసో పరీక్ష రాసే ఎంపిక వీలైనంతవరకు అభ్యర్థికే ఉండాలి. కాలిక్యులేటర్ అనుమతించే పరీక్షల్లో మాట్లాడే కాలిక్యులేటర్ వాడుకోనివ్వాలి. చూపుతో ముడిపడిన ప్రశ్నలకి బదులు ప్రత్యామ్నాయ ప్రశ్నలు ఇవ్వాలి.

స్క్రైబ్ చదువు విషయంలో అందరూ ఒక చోట పొరబడేవాళ్లు. ఆ మార్గదర్శకాల్లో 'అభ్యర్థికన్నా ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలి' అనే నిబంధన అభ్యర్థి సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్‌కి. సంస్థే ఏర్పాటు చేసేటప్పుడు ఆ పరీక్షకి కావలసిన కనీస అర్హతను స్క్రైబ్ చదువు మించకూడదన్నదే అప్పటి షరతు. ఎంఏకి కనీస అర్హత డిగ్రీ. కాబట్టి అప్పట్లో డిగ్రీ చదివినవాళ్లని ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

నేను పెట్టిన ఫైల్లో ఆ అమ్మాయి పేరు మీద మినహాయింపు అడగలేదు. విశ్వవిద్యాలయం పరీక్షలన్నిటికీ వర్తించే ఉత్తర్వు అడిగాను. ఇలాంటివి దయగా ఒక్కరికి ఇస్తే ఆ ఒక్కరు వెళ్లిపోగానే ఆగిపోతాయి. సెక్షన్ సూపరింటెండెంట్ గారు "ఇలా ఒక్కసారి రాసిస్తే రేపు అందరూ అడుగుతారు మేడమ్" అన్నారు. "అందరూ అడగాలనే రాయమంటున్నాను సార్" అన్నాను. సివిల్స్ అభ్యర్థి వికాస్ కుమార్ కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కాపీ జతచేశాను. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న అతనికి, 40 శాతం వైకల్యం సర్టిఫికెట్ లేదనే కారణంతో స్క్రైబ్‌ని నిరాకరించకూడదని కోర్టు చెప్పింది. ఆ తీర్పు తర్వాత 40 శాతానికి తక్కువ ఉన్నవాళ్లకి 2022 ఆగస్టు 10న వేరే మార్గదర్శకాలు వచ్చాయి. మా అమ్మాయికి ఆ అవసరం లేదు. కాని ఉత్తర్వు ఎలాగూ రాస్తున్నప్పుడు అందులో వాళ్లని కూడా చేర్చాలి కదా.

ప్రశ్నపత్రం రహస్యం గురించిన అభ్యంతరం మాత్రం గట్టిది. కంప్యూటర్‌లో చదువుకోవడానికి సాఫ్ట్ కాపీ ఇస్తే అది బయటికి పోతే బాధ్యత ఎవరిది? కంట్రోలర్ గారు దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేదు, నేనూ కొట్టిపారేయలేదు. చివరికి కుదిరింది ఇది: మిగతా హాళ్లలో ప్రశ్నపత్రం కట్ట విప్పాకే, ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో, చీఫ్ సూపరింటెండెంట్ సమక్షంలో పెన్‌డ్రైవ్ సీలు తెరవాలి. ప్రశ్నపత్రం యూనికోడ్‌లోనే ఉండాలని ఆ వాక్యంలో నేను అడిగి రాయించుకున్నాను. లేకపోతే పరీక్ష హాల్లో కూడా డాలర్ గుర్తులే వినాల్సి వస్తుంది. రాసిన జవాబుల ప్రింట్ మీద మామూలు బార్‌కోడ్ షీటే అతికించాలని, పటాన్ని మాటల్లో సరిగ్గా వర్ణిస్తే పటం మార్కులు పూర్తిగా ఇవ్వాలని మూల్యాంకనం చేసేవాళ్లకి సూచన కూడా చేర్చారు.

ఉత్తర్వు రెండో సెమిస్టర్ పరీక్షలకి ముందే వచ్చింది. ఆ పరీక్షలతో పాటే పాత రెండు పేపర్లూ రాసి పాసైంది. అప్పటికి స్క్రైబ్‌తోనే, గ్రౌండ్ ఫ్లోర్‌లో వేరే గదిలో.

తనే రాయాలనుకోవడం

మూడో సెమిస్టర్ మొదట్లో వచ్చి, "స్క్రైబ్ మంచిదే మేడమ్. కాని నేను చెప్పింది రాసిందో లేదో నాకు తెలియదు. ఒక పేరా వెనక్కి వెళ్లి మార్చాలంటే మొహమాటం. నేనే టైప్ చేస్తాను" అంది. చూపున్న విద్యార్థి రాసింది కొట్టేస్తాడు, బాణం గుర్తు వేసి మధ్యలో వాక్యం ఇరికిస్తాడు. అలా ఆలోచించుకుంటూ రాసే స్వేచ్ఛ స్క్రైబ్‌తో ఎంతైనా తగ్గుతుంది.

ఫోన్లో ఆమె ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టేది. పరీక్ష కోసం మేం భారతీయ భాషలకని రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక ఎంచుకున్నాం. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు దాదాపు అన్నీ కుడిచేతికి వస్తాయి. ప్రతి కీబోర్డు మీదా ఎఫ్, జె మీటల మీద చిన్న బొడిపెలు ఉంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో ఎడమ బొడిపె కింద గుడి, కుడి బొడిపె కింద 'ర'. గుడి పక్కనే పొల్లు, 'ర' పక్కనే 'క'. అక్కడినుంచి వేళ్లు లెక్క తప్పకుండా మిగతావాటి దగ్గరికి వెళ్తాయి. 'ప్రత్యామ్నాయ' లాంటి మాటలో వత్తులని కూడా పలికే వరసలోనే కొట్టుకుంటూ పోవచ్చు, ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఊహించే పనిలేదు. మొదటి నెల చేతులు నొప్పులు, విసుగు, ఒకటి రెండుసార్లు ఏడుపు కూడా. దసరా సెలవుల్లో ల్యాబ్ తాళం చెవి అటెండర్ గారి దగ్గర పెట్టి వెళ్లాను, ఆమె ఊరికి వెళ్లకుండా హాస్టల్లోనే ఉండిపోయింది.

నాలుగో సెమిస్టర్‌లో థియరీ పేపర్లు తనే టైప్ చేసింది. లెక్కలున్న పేపర్‌కి స్క్రైబ్‌ని ఉంచుకుంది. రెండూ ఒకే మనిషికి, ఒకే పరీక్షల్లో. ఫారంలో ఒక్క గడికి టిక్ పెట్టించుకుంటే ఇది ఎప్పటికీ బయటపడదు. 2024లో ఎంఏ పూర్తిచేసింది. అన్ని పేపర్లలోకీ మార్కులు తక్కువ వచ్చింది స్టాటిస్టిక్స్‌లోనే. ఎక్కువ వచ్చినవాటిలో మైక్రో రెండో పేపర్ ఉంది. ఇప్పుడు అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌కి చదువుతోంది.

ఇంకా మిగిలినవి

కుదరనివి చాలానే ఉన్నాయి. చెప్పి చెప్పి అలిసిపోయినా ఒక అధ్యాపకుడు చివరివరకూ చేతిరాత ఫోటోలే పంపారు. లైబ్రరీలో ఉన్న తెలుగు అర్థశాస్త్ర పుస్తకాల్లో మేం మార్చగలిగింది ఆమె సిలబస్‌లో ఉన్నంతవరకే. క్లాసు గది మారిస్తే ముందురోజు చెప్పాలన్న చిన్న కోరిక కూడా సగంసార్లు నెరవేరలేదు. తలుపు దగ్గరికి వెళ్లి లోపల ఎవరూ లేరని తెలుసుకుని వెనక్కి రావడం ఆమెకి మామూలైపోయింది. మంచి మనసున్న మనుషుల మీద ఆధారపడితే ఇలాగే ఉంటుంది. రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న ఇచ్చిన తీర్పులో సరిగ్గా ఈ మాటే ఉంది: అందుబాటుకి సంబంధించిన ప్రమాణాలు సిఫారసులుగా మిగిలిపోకూడదు, తప్పనిసరి నిబంధనలు కావాలి. ఆ తీర్పుకి ఆధారమైన నివేదికని తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రం.

మా విభాగంలో ఫారం మార్చాం. గడులు తీసేసి, చేరిన మొదటి వారంలో విద్యార్థి మా ముందు కూర్చుని తన పాఠం ఒకటి చదివి చూపించే పద్ధతి పెట్టాం. డిపార్ట్‌మెంట్లు మెటీరియల్‌ని యూనికోడ్ వర్డ్ ఫైలుగా సెమిస్టర్ మొదలవకముందే ఇవ్వాలని రిజిస్ట్రార్ పేరు మీద సర్క్యులర్ వెళ్లింది. ఆ సర్క్యులర్ కూడా మొదట అను ఫాంట్లోనే వచ్చింది, వెనక్కి పంపి మళ్లీ కొట్టించాం.

పరీక్షల ఉత్తర్వు మాత్రం ఇప్పటికీ క్యాంపస్ కాలేజీలకే వర్తిస్తోంది. మా పరిధిలో చూపులేని విద్యార్థులు ఎక్కువగా ఉన్నది జిల్లాల్లోని అనుబంధ డిగ్రీ కాలేజీల్లో. అక్కడ ఇంటర్ పిల్లలే స్క్రైబులు, గంటకి 10 నిమిషాలే అదనం. వాళ్లకి కూడా వర్తింపజేయాలన్న ప్రతిపాదన అకడమిక్ కౌన్సిల్ ముందుంది. దానికి జతచేయడానికి ఆ కాలేజీల విద్యార్థుల దగ్గర్నుంచి వినతిపత్రాలు సేకరిస్తున్నాం. ఎంఏ పాసైన అమ్మాయే వాటిని ఫోన్లో విని, యూనికోడ్‌లో టైప్ చేసి పంపుతోంది.